చెమ్మ గోడ, సున్నం దర్జు: బ్రన్స్‌విక్‌లో ఒక కార్మికుల ఇంటి మరమ్మతు డైరీ

పాత ఇటుక ఇల్లు కొని, గోడలో చెమ్మ కనబడగానే సిమెంటు బస్తా తెచ్చుకునే వాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. 2023 ఆగస్టు నుంచి 2024 మార్చి దాకా పక్క గోడ ఒక్కదాని మీదే పనిచేశాను. ఎక్కడ తప్పు చేశానో, దాన్ని సరిచేయడానికి ఏం మార్చానో కొలతలతో సహా పెడుతున్నాను. ఖర్చులన్నీ ఆస్ట్రేలియా డాలర్లలో.

దశ 0: ఇల్లు

మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డుకి కాస్త ఉత్తరాన బ్రన్స్‌విక్ ఉంది. మాది మూడిళ్ల వరసలో చివరి ఇల్లు. ఇలాంటి వరసని ఇక్కడ టెర్రస్ అంటారు, మన డాబా కాదు. ఉమ్మడి గోడలతో ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్ల వరస. వెడల్పు 4.6 మీటర్లు. వీధిలోకి ఒక తలుపు, ఒక కిటికీ, అంతే. పక్కన 900 మి.మీ. సందు, వెనక బ్లూస్టోన్ రాళ్లు పరిచిన గల్లీ. గోడ మందం 230 మి.మీ., అంటే తొమ్మిది అంగుళాలు. మధ్యలో ఖాళీ వదలకుండా కట్టిన గోడ. పునాది బ్లూస్టోన్, అంటే ఇక్కడి నల్లరాయి. నేల చెక్కలది, వాటి కింద గాలి ఆడటానికి ఖాళీ ఉంది.

ఇంటికి హెరిటేజ్ ఓవర్‌లే ఉంది, అంటే పాత ఇళ్ల రూపు కాపాడే నిబంధన. పాత పదార్థంతోనే, రూపు మారకుండా చేసే మామూలు మరమ్మతుకి అనుమతి అక్కర్లేదు. బయటి గోడకి ప్లాస్టరింగ్ చేయాలన్నా, ఇసుక కొట్టించి శుభ్రం చేయాలన్నా మాత్రం అనుమతి తీసుకోవాలి. పని మొదలుపెట్టే ముందు మీ కౌన్సిల్‌లో రాతపూర్వకంగా అడగండి. నేను ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకున్నాను.

గోడ పరిస్థితి ఇది. లోపలి వైపు హాల్లో 1.2 మీటర్ల ఎత్తు దాకా ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. చెమ్మ దాన్ని దాటి పైకెక్కింది. బయట గోడ కింది వరసలు చౌడెక్కి, ఇటుక పొరలు పొరలుగా రాలుతోంది. దర్జులన్నీ, అంటే ఇటుకల మధ్య సందుల్లో నింపిన మాలు అంతా, సిమెంటువి. నేలకి కాస్త పైన 120 మి.మీ. ఎడంతో చిన్న రంధ్రాల వరస ఉంది. అంటే పూర్వం ఎవరో చెమ్మ పైకెక్కకుండా ఆపే రసాయన మందు గోడలోకి ఎక్కించారన్నమాట. నాకూ ఒక కంపెనీ అదే మందుకి 9,800 డాలర్ల కొటేషన్ ఇచ్చింది. ఒకసారి పనిచేయని మందుని రెండోసారి ఎక్కించడం నాకు సబబుగా అనిపించలేదు.

దశ 1: చెమ్మ కొలవడం (ఆగస్టు)

మొదటి తప్పు ఇక్కడే. 95 డాలర్లు పెట్టి సూదుల మీటర్ కొన్నాను. గోడలో ఎక్కడ గుచ్చినా ముల్లు చివరికే పోయింది. మీటర్ పాడైందేమో అనుకున్నాను. నిజానికి అది కొలిచేది కరెంటు ఎంత పారుతోందన్నది. గోడలో ఉప్పు ఉంటే ఇటుక పొడిగా ఉన్నా కరెంటు పారుతుంది. చౌడెక్కిన గోడకి ఆ మీటర్ పనికిరాదు.

తర్వాత చేసింది ఇది:

1. మందమైన బిట్‌తో, తక్కువ వేగంలో, 80 మి.మీ. లోతు దాకా గోడని తొలవండి. వేగం ఎక్కువైతే ఆ వేడికే తడి ఆరిపోతుంది.
2. రాలిన పొడిని వెంటనే మూతగట్టి ఉన్న డబ్బాలోకి పట్టి, 0.1 గ్రాము చూపే త్రాసులో తూచండి.
3. ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టి, బరువు ఇక తగ్గదన్నాక మళ్లీ తూచండి.
4. తగ్గిన బరువుని ఎండిన బరువుతో భాగించండి.

నేల నుంచి 150 మి.మీ. ఎత్తులో తీసిన పొడి తడిగా 41.6 గ్రాములు, ఎండాక 37.2. అంటే 11.8 శాతం. 600 మి.మీ. దగ్గర 7.2 శాతం, 1,200 దగ్గర 2.1 శాతం. కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. నీళ్లు చూరు నుంచి కారడం లేదు, నేలలోంచి ఎక్కుతున్నాయని తేలిపోయింది.

ఈ దశ ఖర్చు 141 డాలర్లు, 9 గంటలు.

దశ 2: సందులో కాంక్రీటు (సెప్టెంబర్, అక్టోబర్)

పాత మేస్త్రీలు గోడలో చెమ్మ ఎక్కకుండా ఒక వరస కింద తారు, ఇసుక కలిపిన పొర వేశారు. గోకి చూస్తే అది ఇప్పటికీ ఉంది. కాకపోతే సందులో పోసిన కాంక్రీటు ఆ పొర కంటే 90 మి.మీ. ఎత్తుకి వచ్చేసింది. నీళ్లు పొరని దాటాల్సిన పనే లేదు, కాంక్రీటు మీదుగా నేరుగా ఇటుకలోకి పోతున్నాయి. నేల కింద గాలి కోసం పెట్టిన నాలుగు రంధ్రాలూ ఆ కాంక్రీటులోనే పూడిపోయాయి.

పక్కింటి ఇటాలియన్ పెద్దావిడ ఆ కాంక్రీటు సంగతి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ, గ్రీస్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈ వీధులన్నీ కొనుక్కున్నాయి. మా ఇల్లు కొన్నవాళ్లు బురద తొక్కలేక, ఆదివారాలు నలుగురు బంధువులు కలిసి సందు, పెరడు అంతా పోసుకున్నారట. పెరట్లో ద్రాక్ష పందిరి కూడా వాళ్లదే. అది విన్నాక మొత్తం పెకలించాలన్న ఆలోచన మానుకున్నాను. ఈ ఇంటికి 1880ల నాటి మేస్త్రీ ఎంత చేశాడో, వాళ్లూ అంతే చేశారు. గోడకి హాని చేస్తున్న పట్టీ వరకే తీసి, మిగతాది ఉంచాను.

చేసిన వరస:

1. గోడ పొడవునా 10.4 మీటర్లు, 300 మి.మీ. వెడల్పున గీత గీశాను.
2. అద్దెకి తెచ్చిన కోత మిషన్‌తో నీళ్లు పోస్తూ కోశాను. పొడిగా కోస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.
3. 250 మి.మీ. లోతు తవ్వాను. బ్లూస్టోన్ పునాది రాయి పైభాగం కనబడగానే ఆగాను. ఎట్టి పరిస్థితిలోనూ పునాది కిందికి తవ్వకండి.
4. గాలి రంధ్రాలు తెరిచి, కొత్త ఇనుప జాలీలు బిగించాను.

ఇక్కడ రెండు తప్పులు జరిగాయి. ఆరో మీటర్ దగ్గర పాత మట్టి పైపు ఉందని తెలియక గునపం దింపాను. పైపు పగిలింది. ప్లంబర్‌కి 480 డాలర్లు. తవ్వే ముందు నేల కింద ఏముందో తెలిపే ప్లాన్లు తెప్పించుకున్నాను గానీ, అవి వీధిలో లైన్లు చూపిస్తాయి తప్ప ఇంటి స్థలం లోపలి పైపుల్ని చాలావరకు చూపించవు. మురుగు పైపు మూతలు ఎక్కడున్నాయో చూసి, వాటి మధ్య గీత గీసుకుని ఉంటే సరిపోయేది.

రెండోది ఇంకా పెద్దది. తవ్విన కాలవలో కంకర నింపేసి పని అయిపోయిందనుకున్నాను. మొదటి వానకే లోపల 40 మి.మీ. నీళ్లు నిలిచాయి. ఇక్కడిది బంకమట్టి, నీళ్లు ఇంకవు. అంటే గోడ పక్కన నేనే ఒక తొట్టి కట్టినట్టయింది. కంకరంతా తీసి, మీటరుకి 10 మి.మీ. వాలు ఇచ్చి, రంధ్రాల పైపు వేసి, దాన్ని ప్లంబర్ చేత వాననీటి గుంటకి కలిపించాను. కంకర తీసి మళ్లీ నింపడానికే రెండు శనివారాలు పోయాయి.

ఈ దశ 1,137 డాలర్లు, 41 గంటలు. ఇప్పటిదాకా మొత్తం 1,278 డాలర్లు, 50 గంటలు.

గోడ ఆరే లోపు: రేట్ బుక్స్

తొమ్మిదంగుళాల గోడ వారంలో ఆరదు, నెలలు పడుతుంది. ఆ ఖాళీలో ఇల్లు ఎప్పటిదో వెతికాను. మీ ఇల్లు మెల్‌బోర్న్‌లో ఉంటే ఇదే దారి: పన్నుల కోసం రాసిన పాత రేట్ బుక్స్ విక్టోరియా రాష్ట్ర పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో దొరుకుతాయి. మురుగు కాలవల కోసం మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ వాళ్లు 1890ల నుంచి గీసిన ప్లాన్లు స్టేట్ లైబ్రరీ వెబ్‌సైట్లో ఉన్నాయి. వాటిలో అంగుళానికి 40 అడుగుల లెక్కన ప్రతి ఇల్లూ, పెరట్లో మరుగుదొడ్డి కూడా కనిపిస్తాయి. మా వెనక గల్లీ ఎందుకుందో ఆ ప్లాన్ చూశాకే తెలిసింది. 1897లో మెల్‌బోర్న్‌లో మొదలైన మురుగు కాలవలు మా వీధికి చేరే దాకా, రాత్రి పూట బండి వచ్చి దొడ్డి డబ్బాలు పట్టుకుపోయేది ఆ గల్లీలోంచే.

మా ఇల్లు 1887 పుస్తకంలో మొదటిసారి కనబడింది. ఇటుక, నాలుగు గదులు. అద్దెకున్న మనిషి వృత్తి గడిలో ఇటుకల పని అని ఉంది. ఆ గడి చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. బ్రన్స్‌విక్ అంటేనే మట్టిగుంటలు, ఇటుక బట్టీలు, రాతి క్వారీలు. 1870లో మొదలైన హాఫ్‌మన్ ఇటుకల కంపెనీ బట్టీలు, పొగగొట్టాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పగలంతా ఇటుకలు చేసిన మనిషి, సాయంత్రం వచ్చి ఈ గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. అద్దె కట్టలేకపోతే ఇల్లు ఖాళీ చేసేవాడు. 1891 నుంచి 1893 దాకా బ్యాంకులు కూలినప్పుడు ఈ వీధుల్లో చాలామందికి అదే జరిగింది.

ఈ ఇళ్లు మిగలడం మామూలు విషయం కాదు. 1930ల్లో ఓస్వాల్డ్ బార్నెట్ అనే ఆయన నగరం లోపలి పేటల్ని ఫొటోలు తీసి, జనం ఎంత చెడ్డ ఇళ్లలో ఉంటున్నారో ప్రభుత్వానికి చూపించాడు. 1938లో ప్రభుత్వం తరఫున ఇళ్లు కట్టే హౌసింగ్ కమిషన్ వచ్చింది. ఆయన బాధ నిజం. కారే కప్పులు, చెమ్మ గోడలు, ఒకే గదిలో ఆరుగురు. కానీ 1960లు వచ్చేసరికి మందు రోగాన్ని దాటిపోయింది. బాగుచేస్తే నిలిచే ఇళ్లని కూడా వీధులకి వీధులు కూల్చి, కాంక్రీటు పలకలతో ఇరవై, ముప్పై అంతస్తుల టవర్లు కట్టారు. కార్ల్‌టన్, ఫిట్జ్‌రాయ్ పేటల వాసులు ఎదురుతిరిగాకే అది ఆగింది. ఇప్పుడు ఆ టవర్లనే కూల్చి మళ్లీ కడతామని 2023 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ఎవరి ఇల్లు కూలినా అందులో బతికినవాళ్ల బతుకు చెదిరిపోతుంది. నా గోడ పని చేస్తున్నంతసేపూ ఈ మాటే మనసులో తిరిగింది.

దశ 3: సిమెంటు దర్జులు తీయడం (నవంబర్, డిసెంబర్)

సిమెంటు ఎందుకు తీయాలంటే: ఈ ఇటుక మెత్తనిది, నీళ్లు పీల్చి వదులుతుంది. సున్నం దర్జు ఇటుక కంటే మెత్తగా ఉంటే తడి దర్జులోంచి బయటికి పోతుంది, ఉప్పు కూడా దర్జులోనే పేరుకుంటుంది, దర్జే రాలుతుంది. సిమెంటు దర్జు ఇటుక కంటే గట్టిది. అప్పుడు తడి ఇటుక ముఖంలోంచే పోవాలి. రాలేది ఇటుక.

గ్రైండర్‌తో మొదలుపెట్టాను. గంటలో రెండు మీటర్లు అయింది. సంతోషంగా దగ్గరికెళ్లి చూస్తే పదకొండు ఇటుకల అంచులు తెగిపోయాయి. ఇక్కడి దర్జు మందం 7, 8 మి.మీ. మాత్రమే. నా చెయ్యి అర మిల్లీమీటరు వణికినా పళ్లెం ఇటుకలోకి దిగుతుంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా మేనమామకి చూపించాను. తెనాలి దగ్గర నలభై ఏళ్లు తాపీపని చేసిన మనిషి. కోప్పడలేదు.

"ఒరేయ్ అల్లుడూ, మాలు పోతే వందసార్లు పెట్టుకోవచ్చు. ఇటుక అంచు పోతే మళ్లీ రాదురా. ఆ మిషన్ పక్కన పెట్టు."

మార్చిన పద్ధతి:

1. కదిలే పళ్లెం ఉన్న చిన్న మల్టీటూల్‌తో దర్జు నడిమధ్యన ఒక గాటు.
2. ఆ గాటులో సన్నని ఉలి పెట్టి, అంచుల నుంచి మధ్యకి కొట్టడం. ఇటుక వైపుకి ఎప్పుడూ కొట్టకండి.
3. లోతు 25 మి.మీ. అంతకంటే తక్కువైతే కొత్త మాలు పట్టదు.
4. గట్టి కుంచెతో దులిపి, చివర్లో నీళ్లతో కడగడం.

ఇలా అయితే రోజుకి చదరపు మీటరు కూడా కాదు. కానీ తర్వాత ఒక్క ఇటుక అంచు కూడా పోలేదు. నిలువు దర్జుల దగ్గర మల్టీటూల్ కూడా వాడలేదు, ఉలి ఒక్కటే. పూర్తిగా చెడిపోయిన 14 ఇటుకల బదులు అదే కొలత పాతవి కొన్నాను.

తీస్తున్నప్పుడు సిమెంటు వెనక అసలు దర్జు బయటపడింది. అరచేతిలో పెట్టుకుని టార్చి వేసి చూశాను. పసుపు ఛాయ ఇసుక, జొన్నగింజంత తెల్లటి సున్నపు ఉండలు, ఒక చోట చిన్న బొగ్గు రవ్వ. బొగ్గు సున్నపు బట్టీ నుంచి వచ్చి ఉండాలి. గోటితో గీరితే గీత పడింది. నూట ముప్పై ఏళ్లు దాటిన మాలు, ఇంకా గోడని మోస్తోంది.

వీధి వైపు గోడకి టక్ పాయింటింగ్ ఉంది. ఇటుక రంగు మాలు మీద సన్నని తెల్లటి సున్నపు గీత తీసే పని అది. దాన్ని నేను ముట్టుకోలేదు. అది నేర్చిన చేతులు చేయాల్సిన పని.

ఈ దశ 528 డాలర్లు, 96 గంటలు. మొత్తం 1,806 డాలర్లు, 146 గంటలు.

దశ 4: సున్నం మాలు (జనవరి, ఫిబ్రవరి)

గోడ మీద పెట్టే ముందు, వెనక గల్లీ గోడ మీద అడుగు చదరం ముక్కలుగా నాలుగు మచ్చులు వేశాను. ఇది మాత్రం ఎవరూ మానకండి.

మచ్చు అ: నానిన సున్నం ముద్ద ఒక పాలు, షాపులో ఇటుక పనికని అమ్మే ఇసుక మూడు పాళ్లు. పదో రోజుకి వెంట్రుక పగుళ్లు. ఆ ఇసుకలో బంకమట్టి ఎక్కువ, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. గాజు సీసాలో ఇసుక, నీళ్లు వేసి కుదిపి ఒక రాత్రి ఉంచితే పైన మట్టి పొర స్పష్టంగా కనబడింది.

మచ్చు ఆ: కడిగిన ముతక ఇసుక, అదే పాళ్లు. పగుళ్లు లేవు. కానీ మూడో రోజున ఉత్తరపు గాలి, 38 డిగ్రీల ఎండ. దర్జు వేలితో రాస్తే పిండిలా రాలింది. సున్నం గట్టిపడేది గాలిలో బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని. అందుకు తడి ఉండాలి. త్వరగా ఎండితే గట్టిపడటం అక్కడే ఆగిపోతుంది.

మచ్చు ఇ: అదే మాలు, తడిపిన గోనెపట్టా ఏడు రోజులు. నిలిచింది.

మచ్చు ఈ: ఇందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలుపుదామనుకున్నాను. మన దగ్గర గానుగలో ఎద్దుతో నూరిన సున్నంలో అవి పోసేవాళ్లని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మామయ్యని అడిగాను.

"మామయ్యా, కరక్కాయ నానబెట్టనా?"

"అది మన గచ్చుకిరా. నువ్వు చూపించిన ఆ పాత మాలులో బెల్లం ఉందా? లేదుగా. వాళ్లు పెట్టనిది నువ్వెందుకు పెడతావు? గోడలో ఏముందో అదే పెట్టు."

నాలుగో మచ్చు అక్కడితో ఆగింది. ఆ చోట 'ఇ' నే మళ్లీ వేసి, ఏడు రోజుల బదులు పద్నాలుగు రోజులు తడిపాను. గోటికి తేడా తెలిసింది. గోడకి అదే ఖాయం చేశాను.

పాళ్లు ఎంతన్నది ఇసుకని బట్టి ఉంటుంది. పూర్తిగా ఎండిన ఇసుక ఒక లీటరు కొలిచి, అంచు దాకా తడి వచ్చేలా నీళ్లు పోయండి. నాకు 340 మి.లీ. పట్టింది. ఇసుక రేణువుల మధ్య ఖాళీ అంత. ఆ ఖాళీని సున్నం నింపాలి, అంటే ఇసుకలో దాదాపు మూడో వంతు సున్నం.

గోడ మీద వరస:

1. ముందు రోజు సాయంత్రం, పెట్టే ముందు ఒకసారి, గోడ తడపండి. నీళ్లు ఇటుక మీద మెరుస్తుంటే ఆగండి, అవి ఇంకాక పెట్టండి.
2. మాలు గట్టిగా ఉండాలి, తాపీ బోర్లించినా జారకూడదు. నేను మొదట పలుచన చేశాను, ఇటుకల ముఖమంతా తెల్లటి మరకలు.
3. సన్నని తాపీతో లోపలికి నొక్కుతూ రెండు పొరలుగా నింపండి.
4. బొటనవేలు నొక్కితే గుర్తు పడి, మాలు వేలికి అంటుకోని సమయంలో గట్టి కుంచెతో పొడిచి ముఖం గరుకు చేయండి.
5. గోనెపట్టా కప్పి పద్నాలుగు రోజులు ఉదయం, సాయంత్రం తడపండి. వేడి గాలి రోజుల్లో కొత్తగా ఏమీ పెట్టకండి.
6. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతికి తొడుగులు లేకుండా బకెట్ మూత కూడా తీయకండి.

10.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల ఎత్తు, 15.6 చదరపు మీటర్లు. ఈ దశ 508 డాలర్లు, 88 గంటలు. మొత్తం 2,314 డాలర్లు, 234 గంటలు.

దశ 5: సందు వైపు కిటికీ (మార్చి)

తాళ్లు తెగిపోయి కిటికీ నిలవడం లేదు. దీని మీద ఎక్కువ రాయను. 1970కి ముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ, కాబట్టి ముందు పరీక్ష చేయండి. నాకు ఉందనే తేలింది. పొడిగా గీకకుండా తడిపి గీకాను, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. కింది రెక్క 9.2 కిలోలు. తాళ్లకి వేలాడే రెండు ఇనుప గుండ్లూ కలిపి కింది రెక్క కంటే కాస్త తక్కువ, పై రెక్కకైతే కాస్త ఎక్కువ బరువుండాలి. పాత గుండ్లు, పాత చక్రాలు అలాగే వాడాను. తాడు మాత్రం కొత్తది. ఇప్పుడు ఒక్క వేలితో లేస్తోంది.

ఈ దశ 105 డాలర్లు, 27 గంటలు. మొత్తం 2,419 డాలర్లు, 261 గంటలు.

మార్చి చివరి కొలతలు

150 మి.మీ. ఎత్తున: ఆగస్టులో 11.8, నవంబర్‌లో 8.9, మార్చిలో 5.6 శాతం.
600 దగ్గర: 7.2, 5.8, 4.1.
1,200 దగ్గర: 2.1, 1.9, 1.8.

చౌడు ఇంకా వస్తోంది, కొత్త దర్జుల మీద తెల్లగా పూస్తోంది. దాన్ని తడిపితే మళ్లీ లోపలికే పోతుంది. అందుకే వారానికోసారి పొడి కుంచెతో చేటలోకి దులిపి బయట పారేస్తున్నాను. లోపలి సిమెంటు ప్లాస్టరింగ్ ఇంకా తీయలేదు. 150 దగ్గర 4 శాతానికి దిగాక అది తీసి సున్నంతోనే మళ్లీ చేయాలి. ఈ లెక్కన వచ్చే చలికాలం దాటాలి. జూన్ వానల తర్వాత అవే మూడు ఎత్తుల్లో, పాత రంధ్రాలకి 100 మి.మీ. పక్కన, మళ్లీ పొడి తీసి తూస్తాను.